కేటగిరీ లేని తుమ్ము

మా ఊరి బస్టాండులో బస్సులు ఆలస్యంగా బయల్దేరడానికి కారణం మనుషులు మాట్లాడుకోవడమేనని గోస్తనీ ప్రయాణ సంస్థవారు కనిపెట్టారు.

కనిపెట్టడానికి హైదరాబాదు నుంచి నిపుణులను పిలిపించారు. వాళ్ళు మెడలో కార్డులు వేలాడేసుకుని వారం రోజులు ప్లాట్‌ఫారాల మీద నిలబడి, వినపడిన ప్రతి చప్పుడూ రాసుకున్నారు. బస్సు సిద్ధంగా ఉంటోంది, డ్రైవరు సిద్ధంగా ఉంటున్నాడు, డీజిలు ఉంటోంది. వీడ్కోలు మాత్రం పూర్తికావడం లేదు. వెళ్ళొస్తానన్న మనిషి వెళ్ళడం లేదు. జాగ్రత్త అన్న మనిషి ఆ ఒక్క మాటతో ఊరుకోవడం లేదు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వస్తోంది, బయటినుంచి ఇంకో చెయ్యి లోపలికి వెళ్తోంది, రెండూ పట్టుకుని వదలడం లేదు. నిపుణులు దీనికి ‘నిర్వహణ లేని కనెక్షన్’ అని పేరు పెట్టారు.

నాకు ఈ సంగతి నిపుణుల కంటే ముందే తెలుసు. ఈ ఊరు కాపురానికి వచ్చాక నేను అక్షరాలు నేర్చుకున్నది ఈ బస్టాండులోనే, బస్సుల నెత్తిమీద బోర్డులు చూసి. బళ్ళో ‘జ’ అంటే ఏం చెప్తారో గానీ, నాకు ‘జ’ అంటే జయపురం బస్సు. చదవడం వచ్చాక పుస్తకాలు పట్టాను, అయినా బస్టాండు వదల్లేదు. మా వీధిలో ఎవరు ఏ ఊరు వెళ్ళినా సాగనంపడానికి నేనే వచ్చేదాన్ని. వెళ్ళే మనిషి కంటే నాకే కంగారెక్కువ. బస్సుకి రెండు గంటల ముందే తీసుకొచ్చి కూర్చోబెట్టి, సంచి విప్పి చూసి, కట్టి, మళ్ళీ విప్పేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం చాలా కట్టుదిట్టంగా ఉండేదాన్ని. బయల్దేరే మనిషి ముందు ఒంటి తుమ్ము తుమ్మితే ప్రయాణం ఆగాలి. కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, స్థిమితపడాలి. వెనకే రెండో తుమ్ము వస్తే దోషం పోయినట్టు, ఇక బయల్దేరవచ్చు. మూడోది వస్తే మళ్ళీ మొదటికే. మా వైపు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, నడక వచ్చినట్టే వస్తుంది. అందుకని బస్టాండులో నాకు తుమ్ము వస్తే ముక్కు రెండు వేళ్ళతో బిగబట్టేదాన్ని. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ నీళ్ళు చూసి వెళ్ళేవాళ్ళు నాకు తమ మీద ఎంత ప్రేమో అనుకునేవారు. నేనే కాదు, అందరూ అంతే. మా బస్టాండులో దగ్గుతారు, కేకలేస్తారు, పాడతారు, ఎవరూ తుమ్మరు.

నిపుణుల నివేదిక చదివి సంస్థవారు ఏకీకృత సమాచార వ్యవస్థ అనేదాన్ని కొన్నారు. ప్రధాన కార్యాలయం, డిపోలు, బస్టాండ్లు, బస్సులు, అన్నీ ఒకే వలలోకి వచ్చాయి. ప్రతి బస్సులో ఒక తెర, ఒక మైకు, ఒక స్పీకరు పెట్టారు. ఫోనూ, మైకూ, బొమ్మా, సందేశమూ అన్నీ ఒకే దారిలో పోతాయట. దారి ఒక్కటే అయినా పోయేవాటికి మాత్రం కేటగిరీలు ఉండాలట. వాయిస్, వీడియో, మెసేజి, కాన్ఫరెన్సు, హెచ్చరిక. ఈ అయిదింటిలో దేనికిందా రాని సమాచారం సంస్థ ఆవరణలో జరగరాదని సర్క్యులరు వచ్చింది.

దాన్ని అమలు చేయడానికి సమాచార వర్గీకరణ అధికారిగా చక్రధరరావు గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరో వెనకనుంచి ఫొటో తీస్తున్నట్టు నిటారుగా ఉండేవారు. వచ్చిన రోజే బస్టాండు మధ్యలో నిలబడి అందరినీ పోగుచేశారు.

"సమాచారం నీరు లాంటిది. నీటికి పైపు ఉండవలెను. పైపు లేని నీటిని ఏమంటారు? వరద అంటారు. మీరందరూ ఇంతకాలం వరదలో జీవించారు," అన్నారు.

"మాకు కుళాయే రాదు బాబూ, వరదెక్కడిది," అంది ఉప్పు సెనగలమ్మే ఆవిడ.

చక్రధరరావు గారు ఆవిడ వైపు సంతోషంగా తిరిగారు. మొదటి నమూనా దొరికింది.

"నీవు కేక వేసేటప్పుడు ఒకరికి వేస్తావా, అందరికీ వేస్తావా?"

"కేకన్నాక అందరికీ ఇనపడతాది."

"ఒకరు చెప్పగా అనేకులు వింటే అది కాన్ఫరెన్సు. కావున నీవు ముందుగా సభ్యులందరికీ ఆహ్వానం పంపవలెను. అంగీకరించిన వారికి మాత్రమే నీ కేక వినిపించవలెను."

"సెనగలు తినడానికి పిలుపులేటి బాబూ, పెళ్ళా? ఒప్పుకోనోళ్ళ సెవులు నాను ముయ్యాలా?"

"ఆ విషయం రెండో దశలో పరిశీలనలో ఉన్నది."

అలా బస్టాండంతా తిరిగి కేటగిరీలు పెట్టారు. హారను హెచ్చరిక. డ్రైవరు మలుపులో బయటికి చాచే చెయ్యి వీడియో. దగ్గు చిన్న మెసేజి. చంటిపిల్లల ఏడుపు అత్యున్నత ప్రాధాన్యం గల వాయిస్, దాన్ని ఆపగల శక్తి సంస్థకు లేదు కాబట్టి. మొగుళ్ళ విసుగు అతి తక్కువ ప్రాధాన్యం గల వాయిస్, దారి ఖాళీగా ఉంటేనే వెళ్ళాలి. సంస్థ చేసిన పనుల్లో ఇదొక్కటే ఆడవాళ్ళందరికీ నచ్చింది.

కష్టమొచ్చింది కండక్టర్లకి. జయపురం బస్సు కండక్టరు దాలినాయుడు "రైట్ రైట్" అనగానే చక్రధరరావు గారు ఆపారు.

"ఒకే సమాచారం రెండుసార్లు పంపుతున్నావు. ఒక రైటును తొలగించవలెను."

దాలినాయుడు ఒక రైటు తీసేసి ఒక్కసారే అన్నాడు. డ్రైవరు కదల్లేదు.

"పోనివ్వవేటి?" అన్నాడు దాలినాయుడు.

"రెండోది రానీ. ఒంటి రైటుకి బండి కదిపితే నాకేదో అనుమానంగా ఉంటాది," అన్నాడు డ్రైవరు.

చివరికి రైటును మెసేజిలో పంపాలని నిర్ణయించారు. అది డ్రైవరు తెరమీద కనిపిస్తుంది, అతను ‘అందింది’ అని నొక్కాలి, అప్పుడు బండి కదపాలి. బాగానే ఉంది. కానీ బండి నడుపుతుండగా డ్రైవరు తెర ముట్టుకోకూడదని ఇంకో నియమం ఉంది. అందుచేత ‘ఆపండి’ అన్న మెసేజి బండి ఆగిన తరువాతే అందేది. కాశీపట్నంలో దిగవలసిన పెద్దమనిషి ఒకాయన అరకులో దిగాడు. ఎలాగూ వచ్చానని ఊరంతా తిరిగి, కాఫీపొడి కొనుక్కుని మర్నాడు వచ్చాడు. సంస్థవారు ఆయన్ని సంతృప్తి చెందిన ప్రయాణికుల్లో వేసుకున్నారు.

ఇక సాగనంపేవాళ్ళ సంగతి. పాత పార్సిలు ఆఫీసుకి అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, వీడ్కోలు కేంద్రం అని బోర్డు పెట్టారు. ప్రయాణికులు గేటు దాటి నేరుగా బస్సులోకి వెళ్ళాలి. సాగనంపేవాళ్ళు కేంద్రంలో కూర్చుని, గాజు గదుల్లోంచి తెరమీద సాగనంపాలి. బస్సుల కిటికీలకి ఇనప వల కొట్టారు. దాని పేరు ఫైర్‌వాల్. మంట ఎక్కడా లేదు. చేతులు దూరకుండా అన్నమాట.

ఆ ఏర్పాటు మొదలయ్యే రోజే మా అప్ప జయపురం వెళ్ళవలసి వచ్చింది.

అప్ప అంటే నా తోడికోడలు, పైడమ్మ. నేను ఈ ఊరు కాపురానికి వచ్చినప్పుడు గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకున్నది ఆమే. నన్ను ఎర్నీ అని పేరు పెట్టి పిలిచేదీ ఆమే. అన్నదమ్ములిద్దరూ పోయాక కూడా మేమిద్దరం ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఒకే విషయం మీద పోట్లాడుకున్నాం. ఆ విషయం ముక్కుపొడుం. అప్పకి పెళ్ళినాటికే పొడుం అలవాటు. చిన్న ఇత్తడి డబ్బా రొంటినే ఉంటుంది. చిటికెడు ఎక్కిస్తే గాని ఆమెకి ఎండకీ నీడకీ తేడా తెలియదు. నాకు ఆ వాసన పడదు.

జయపురంలో అప్ప తమ్ముడు ఒంటిగాడు, మంచాన పడ్డాడు. చూసేవాళ్ళు లేరు. ఎన్నాళ్ళుండాలో, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. ఇటువంటప్పుడు మనుషులు ఏం మాట్లాడుకుంటారు? మేం ఆటోలో పొడుం గురించి పోట్లాడుకున్నాం.

"ఆ ఊల్లో అందరి ముందూ ఎక్కించకప్పా, నవ్వుతారు," అన్నాను.

"నవ్వనీ. నువ్వు ఇన్నేళ్ళూ ఏడిసినావు కదా, ఆళ్ళైనా నవ్వుతారు."

"నీ మంచికే సెప్తన్నాను."

"నా ముక్కుకి నువ్వు మునసబువేటే?"

ఆటో దిగేటప్పుడు చీర సర్దుకోవడానికి డబ్బా నా చేతిలో పెట్టింది. పంతం మీద ఉన్నాం కాబట్టి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. గేటు దగ్గర ప్రయాణికులు ఇటు, సాగనంపేవాళ్ళు అటు అని ఒక యూనిఫారం చెయ్యి మా మధ్యలోకి వచ్చింది. అప్ప అటు వెళ్ళిపోయింది. నేను ఇటు తిరిగేసరికి నా గుప్పిట్లో ఇత్తడి డబ్బా చల్లగా తగిలింది.

ఘాటు రోడ్డులో ప్రతి మలుపుకీ చిటికెడు ఎక్కించుకునే మనిషి. అదొక్కటే అయితే ఓర్చుకుందును. నేను కావాలనే ఉంచేసుకున్నానని అనుకుంటుంది. ఆ మాట మనసులో పెట్టుకుని అంత దూరం వెళ్తుంది. మనుషులు విడిపోయేటప్పుడు చివర అన్న మాటే మిగులుతుందని నాకు తెలుసు. మా ఇద్దరి మధ్యా మిగిలేది మునసబు.

నేరుగా చక్రధరరావు గారి దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, ఈ డబ్బా జయపురం బస్సులో మా అప్పకివ్వాలి. ఇలా ఎల్లి అలా వచ్చెత్తాను."

ఆయన డబ్బాని ముట్టుకోకుండా నాలుగు వైపులనుంచీ చూశారు.

"ఇది వస్తువు. వస్తువు అయినచో పార్సిలు. పార్సిలు కార్యాలయం వీడ్కోలు కేంద్రంగా మారినది. ఇందులో ఏమున్నది?"

"పొడుం."

"ఇది అందిన పిమ్మట ఆమెకు ఏమి తెలియును?"

నేను ఆలోచించాను. "నాను దాసలేదని తెలుత్తాది."

ఆయన మొహం వికసించింది. "అయితే ఇది వస్తువు కాదు. సమాచారం. వీడియో కేటగిరీ కింద డబ్బాను తెరపై చూపించండి. అందినట్లే పరిగణించబడును."

గాజు గదిలోకి పంపారు. లోపల హిమజ అని ఒక ఇంజనీరు పిల్ల కూర్చుని ఉంది. వ్యవస్థని బిగించడానికి కంపెనీ పంపిన మనిషి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను తగిలించి, ముందున్న బొత్తాలు చూపించింది.

"ఒకటి నొక్కితే ‘జాగ్రత్త’ వెళ్తుంది అమ్మమ్మా. రెండు ‘చేరగానే ఫోన్ చెయ్యి’. మూడు ‘తల బయట పెట్టకు’. నాలుగు ‘తినెయ్, పారెయ్యకు’. అయిదు ఏడుపు. చప్పుడుతో అయితే వాయిస్‌లో వెళ్తుంది, చప్పుడు లేకుండా అయితే వీడియోలో."

పక్క గదిలో ఒకాయన కంగారులో అన్నీ ఒకేసారి నొక్కేశాడు. సాలూరు బస్సులో అతని భార్య, తలను జాగ్రత్తగా తినెయ్యమన్న మెసేజి చదువుకుని బస్సు దిగుతానని గొడవ చేస్తోందని తరవాత తెలిసింది.

తెర వెలిగింది. అప్ప ముక్కు కనిపించింది. కెమెరా కింద పెట్టారట, అందరి ముక్కులే కనిపిస్తాయి. మాట అటు చేరడానికి ఒక గుటక మింగేంత ఆలస్యం.

"అప్పా, నీ డబ్బా నా కాడుండిపోయింది."

జవాబు లేదు. "ఇనపడ్డాదా?" అన్నాను. అప్పుడు మొదటిదానికి జవాబొచ్చింది.

"ఉంచుకో. పూజ సేసుకో."

"నాను దాసలేదప్పా, నువ్వే ఇచ్చినావు," అనే లోపల "ఇనపడ్డాది" అని రెండో జవాబొచ్చింది. ఆ తరవాత ఏది దేనికి జవాబో ఇద్దరికీ తెలియలేదు. డబ్బాని తెరకి ఆనించి చూపించాను. బస్సులో తెర పెద్దది. ఇత్తడి డబ్బా గుమ్మడికాయంత కనిపించి ఉంటుంది, బస్సు బస్సంతా మాట్లాడడం మొదలుపెట్టింది.

"మామ్మగోరూ, మీ డబ్బా వచ్చింది," అన్నాడెవరో.

"ఏటొచ్చింది? బొమ్మొచ్చింది," అంది అప్ప ముక్కు. "డబ్బా సూపిత్తే ముక్కుకెక్కుతాదేటి? ఒలే ఎర్నీ, అన్నం బొమ్మ సూసి కడుపు నింపుకున్నావేటే ఎప్పుడైనా?"

మధ్యలో దాలినాయుడు ముక్కు వచ్చింది. "మామ్మా, నానొచ్చి తీసుకుందును గానీ, బండి దిగితే తెరమీద నా ప్రెజెన్సు, అదే నా హాజరు, పోతాదంట. మళ్ళీ పెట్టుకోడానికి విజయనగరం ఎల్లాలంట."

తెర ఆరిపోయింది. నా వంతు అయిపోయిందట.

హెడ్‌ఫోను తీసి అలాగే కూర్చున్నాను. హిమజ నీళ్ళ సీసా ఇచ్చింది. డబ్బా వైపు చూసి, "సారీ అమ్మమ్మా, ఇది దేనికిందా రాదు," అంది.

"దేనికిందా రానిది ఇందులో పోదా, అమ్మా?"

"పోకపోవడమేంటి. కేటగిరీ తెలియనిది వస్తే సిస్టమ్ ఆపదు. అర్జెంటు విషయమేమోనని అన్ని దారుల్లోనూ, అందరికీ పంపేస్తుంది. తర్వాత కమిటీ కూర్చుని అదేంటో తేలుస్తుంది."

"అలాటివి వస్తాయా?"

"రావు. నిపుణులు వారం రోజులు ఇక్కడే ఉండి విన్నారు కదా. విన్నవాటికన్నిటికీ చక్రధరరావు సార్ కేటగిరీ పెట్టేశారు. దగ్గుకి కూడా ఉంది."

ఆ మాట నా చెవిలో పడింది గానీ, అప్పటికి ఇంకా బుర్రలో పడలేదు.

పదకొండు గంటలకి ప్రారంభోత్సవం. ఊరూరా ఉన్న సంస్థ బస్సులన్నీ ఒకే ఆజ్ఞ మీద, ఒకే క్షణంలో కదలాలని ఏర్పాటు. అప్పటికే దారిలో ఉన్న బస్సుల్లో కూడా వినిపించేలా కలిపారు. సంస్థ ఎండీ గారు ప్రధాన కార్యాలయంలోంచి తెరమీదికి వచ్చి, మనిషికి మనిషి చెప్పుకునే వీడ్కోలు వ్యర్థమనీ, ఇకపైన సాగనంపేవారందరి తరఫునా ఒకరు, ప్రయాణికులందరికీ కలిపి, ఒక్కసారి ‘వెళ్ళి రండి’ అంటే సరిపోతుందనీ చెప్పారు. దాని పేరు సామూహిక వీడ్కోలు. చెప్పేసి, ఇంకో ఊళ్ళో ఇంకో ప్రారంభోత్సవం ఉందని కారెక్కడానికి లేచారు.

చక్రధరరావు గారు తీగ లేని మైకు పట్టుకుని కేంద్రమంతా కలియజూశారు. "సీనియారిటీ ప్రాతిపదికన ఎంపిక," అని, మైకు తెచ్చి నా నోటి ముందు పెట్టారు. "అమ్మగారూ, రెండు మాటలు. ‘వెళ్ళి రండి.’ మూడో మాట వలదు."

అద్దాల్లోంచి జయపురం బస్సు కనిపిస్తోంది. ఇంజను ఆడుతోంది. ఫైర్‌వాల్ వెనక అప్ప గళ్ళుగళ్ళుగా కూర్చుని ఉంది. నా వైపు చూడ్డం లేదు, రొంటి తడుముకుంటోంది. లేని డబ్బా కోసం అలవాటుగా చెయ్యి వెళ్తోంది, ఖాళీగా వస్తోంది.

అప్పుడు బుర్రలో పడింది. నిపుణులు వారం రోజులు విన్నారు. మా బస్టాండులో ఎవరూ తుమ్మరు.

డబ్బా మూత తీశాను. జన్మలో ముట్టనిది, చిటికెడు తీసి ముక్కులో గట్టిగా ఎక్కించాను.

ఎన్నేళ్ళుగానో బిగబట్టినవన్నీ కలిసి ఒక్కటై వచ్చినట్టుంది. అద్దాలు అదిరాయి. చక్రధరరావు గారి చేతిలో మైకు అదిరింది. తుమ్ము నా ముక్కులోంచి బయల్దేరి, కేటగిరీ కోసం ఒక్క క్షణం వెతుక్కుని, దొరక్క, అన్ని దారుల్లోనూ వెళ్ళిపోయింది. బస్టాండు మైకుల్లో వినిపించింది. ప్రతి బస్సు స్పీకరులోనూ వినిపించింది. ప్రయాణికుల ఫోన్లన్నీ ఒకేసారి మోగి, ఎత్తితే తుమ్మాయి. ఎత్తనివాళ్ళకి ‘హాఛ్’ అని మెసేజి వెళ్ళింది. తెరలమీద పెద్ద అక్షరాలతో ‘హాఛ్’ అని నడుస్తూ పోయింది.

ఇంజన్లు ఆగిపోయాయి. ఒక్కటి కాదు, అన్నీ.

ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. డ్రైవర్లు తాళాలు తిప్పి జేబులో వేసుకున్నారు. తలుపులు తెరుచుకున్నాయి. జనం బిలబిల దిగి, చెట్ల నీడలో, మెట్లమీద, సంచులమీద కూర్చుని మంచినీళ్ళు తాగడం మొదలుపెట్టారు. ఘాటులో ఉన్న అరకు బస్సు కొండవాలున ఆగితే జనం వాగు దగ్గర చతికిలబడ్డారట. ప్రధాన కార్యాలయం గేటులో ఎండీ గారి కారు ఆగింది. డ్రైవరు ఆపలేదు, ఎండీ గారే ఆపమన్నారు. నా పక్కన చక్రధరరావు గారు అప్పుడే బయటికి అడుగు పెట్టబోతూ, ఆ అడుగు వెనక్కి తీసుకుని, మెల్లిగా కుర్చీలో కూర్చుని, "నీళ్ళున్నాయా అమ్మా," అని హిమజని అడిగారు.

హిమజ అప్పటికే తాగుతోంది.

సాగనంపేవాళ్ళని ఇక ఎవరాపుతారు? కేంద్రం తలుపులు తోసుకుని అందరం ప్లాట్‌ఫారాల మీద పడ్డాం. తలను తినెయ్యమన్న భర్త సాలూరు బస్సు వైపు పరుగెత్తాడు. అందరూ రెండోసారి సాగనంపుకుంటున్నారు. మొదటిసారి మర్చిపోయినవన్నీ గుర్తొస్తున్నాయి. ఒకావిడ బీరువా తాళం ఎక్కడుందో చెప్పింది. ఒక కుర్రాడు వాళ్ళ నాన్న సంచి ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాడు. ఉప్పు సెనగలావిడ ఏ ఆహ్వానమూ లేకుండా కేకలేసుకుంటూ తిరుగుతోంది, గంప సగమైంది.

అప్ప బస్సు మెట్టు దిగి నిలబడి ఉంది. నేను వెళ్ళి డబ్బా చేతిలో పెట్టాను. మూత తీసి చూసింది, నా ముక్కు చూసింది.

"నువ్వేనా?"

"నానే."

"ఇన్నేళ్ళూ నన్ను తిట్టి, నా డబ్బాలోది నువ్వెక్కించినావా?"

"నాను దాసలేదప్పా. నమ్ము."

"దాసలేదని తుమ్మి సెప్పినావేటే. ఊల్లన్నిటికీ ఇనపడ్డాది." అని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. చూసి నాకూ ఆగలేదు. ఇద్దరు ముసలాళ్ళం సిమెంటు బెంచీ మీద కూలబడి, ఊపిరాడక, ఒకరినొకరం కొట్టుకుంటూ నవ్వాం. దాలినాయుడు టీలు తెచ్చిచ్చాడు. దిగితే పోయే ప్రెజెన్సు ఎలాగూ పోయింది కదా అన్నాడు.

ఈలోగా పైన అత్యవసర సమావేశం జరిగింది. ఎండీ గారు కారులోంచే తెరమీదికి వచ్చారు. తుమ్ము వాయిసా, హెచ్చరికా అన్నది తేలలేదు. పోనీ తేలకపోయినా బస్సులు కదపవచ్చా అంటే, జనం నీళ్ళు తాగి సిద్ధంగానే ఉన్నారు గానీ, వ్యవస్థ ఒప్పుకోవడం లేదు. దాని లెక్కలో ఒక సమాచారం మొదలై, ముగియలేదు. ముగింపు అదే నోటినుంచి, అదే రకంగా రావాలి. ఆ సంగతి విని, మా ఊరివాళ్ళందరూ మొదటిసారిగా వ్యవస్థని మెచ్చుకున్నారు.

చక్రధరరావు గారు మైకు పట్టుకుని మా బెంచీ దగ్గరికి వచ్చారు. నిటారుతనం కొంచెం తగ్గింది.

"అమ్మగారూ. సంస్థ తరఫున, బోర్డు తరఫున విజ్ఞప్తి. ఇంకొక తుమ్ము."

"రాలేదు బాబూ," అన్నాను. నిజంగానే రాలేదు. వచ్చినా చెప్పి ఉండేదాన్ని కాదు.

"ఎప్పటికి రావచ్చునని అంచనా?"

"సెప్పలేం."

ఆయన బెంచీ చివర కూర్చున్నారు. దాలినాయుడు ఆయనకీ ఒక టీ ఇచ్చాడు. కాసేపు తాగి, ఎవరినీ ఉద్దేశించకుండా, "మా అమ్మ నేను ఎక్కడికి బయల్దేరినా ముక్కు పట్టుకునేది. ఇప్పుడు అర్థమైంది," అన్నారు. అది ఏ కేటగిరీయో ఆయన చెప్పలేదు.

ఎండ ప్లాట్‌ఫారం అంచుదాకా వచ్చింది. అప్ప డబ్బా తీసి తను ఒక చిటికెడు ఎక్కించుకుంది. ఆమెకి తుమ్ములు రావు. ఇంకో చిటికెడు తీసి, రెండు వేళ్ళమధ్య పట్టుకుని, నా ముందు పెట్టింది.

"తుమ్మవే, ఎర్నీ."

"ఇంకో టీ తాగుదామప్పా."

"పొద్దున్నించీ ఆడికి గంజి పోసినోళ్ళుండరు. మంచాన ఎల్లకిలా పడుకుని తలుపేపు సూత్తుంటాడు." ఆమె చెయ్యి అలాగే ఉంది. "నువ్వే ఆపినావు. నువ్వే పంపాల."

ఎన్నో బస్సులు సాగనంపాను. ఏ బస్సునూ నా చేత్తో కదపలేదు. అవి వాటంతట అవే వెళ్ళిపోయేవి, నేను నిలబడిపోయేదాన్ని. ఎవరిమీద కోపం రావాలన్నా బస్సు మీద వచ్చేది.

ఆ చిటికెడు ఆమె వేళ్ళమీదినుంచే ఎక్కించుకున్నాను. చక్రధరరావు గారు లేచి నిలబడి మైకు పెట్టారు. తుమ్మాను. మొదటిదంత పెద్దది కాదు గానీ, ఊళ్ళన్నిటికీ చాలింది.

ఇంజన్లన్నీ ఒక్క పెట్టున పలికాయి. సంస్థ కోరుకున్నట్టే బస్సులన్నీ ఒకే ఆజ్ఞ మీద, ఒకే క్షణంలో కదిలాయి. దాలినాయుడు బస్సు ఒంటిమీద చరిచి "రైట్ రైట్" అన్నాడు, రెండూ అన్నాడు, ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్ప కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యి పట్టదు కాబట్టి, ఫైర్‌వాల్ గళ్ళలోంచి ఒక వేలు బయటికి పెట్టింది. దాన్ని నా వేలితో పెనవేసి, బస్సుతోపాటు గేటుదాకా నడిచాను. వెనకాల చక్రధరరావు గారు మైకుతో నడుస్తున్నారు. ముగింపు సరిగ్గా నమోదయిందో లేదో రూఢి అయ్యేవరకు మైకు ఆపకూడదట.

గేటు దగ్గర వేలు విడిపోయింది. బస్సు రోడ్డెక్కింది. ‘జ’ కనిపిస్తోంది ఇంకా, వెనక అద్దం మీద, పెద్దగా.

అప్పుడు వచ్చింది మూడోది.

అలవాటు లేని ముక్కు కదా. లోపల ఎక్కడో చిన్నగా మొదలై, పైకి పాకుతోంది. మైకు నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఒక్కటి చాలు. బస్సు ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, అప్ప తిట్టుకుంటూ దిగుతుంది, ఇంకో టీ తాగుతాం.

రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా పట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగి, బస్సు రెండయింది, నాలుగయింది.

"అమ్మగారూ, ఏడుస్తున్నారా?" అన్నారు చక్రధరరావు గారు నెమ్మదిగా.

తల అడ్డంగా ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా వేళ్ళు వదల్లేదు.